గుణుపురం అమ్మలుకి, ఒక సెంటర్ ఫార్వర్డ్ గురించి

పర్లాకిమిడి,
ఆదివారం సాయంత్రం

అమ్మలూ,

నీ వ్యాసం వాట్సాప్‌లో వచ్చింది. ఫోన్‌లో అంత చిన్న అక్షరాలు చదవడం నా కళ్ల వల్ల కావడం లేదు, జిరాక్స్ షాపుకి పట్టుకెళ్లి ప్రింట్ తీయించాను. షాపు కుర్రాడు హెడ్డింగ్ చూసి "తాతగారూ, తెలుగులో ఫుట్‌బాలా?" అన్నాడు. వాడూ మనవాడే. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ఫోన్‌లో హిందీ. మూడు పేజీలు బయటికొచ్చేలోపు నిలబడి ఒకటిన్నర పేజీ చదివేశాడు. అంటే నీకు చదివించే గుణం ఉంది. మెచ్చుకోవడం ఇక్కడితో ఆపుతాను. నువ్వు అడిగింది తప్పులు చెప్పమని కదా.

నువ్వు రాసింది ఇదీ: 2022 జులైలో జర్మనీలోని బయెర్న్ మ్యూనిక్ క్లబ్ తన స్ట్రైకర్ లెవాండోవ్‌స్కీని స్పెయిన్ క్లబ్ బార్సిలోనాకి అమ్మింది. అతనికి అప్పటికి 33 నిండి 34 రాబోతున్నాయి. 4.5 కోట్ల యూరోలు చేతికొచ్చాయి. కాబట్టి వయసు మళ్లిన స్ట్రైకర్‌ని, అంటే ముందుండి గోల్స్ కొట్టేవాణ్ని, డబ్బు వచ్చేటప్పుడే అమ్మేయాలి, లేకపోతే "వట్టిపోయిన గేదెకి గడ్డి వేసినట్టే" అన్నావు.

గేదె సంగతి ముందు తేల్చుకుందాం. అమ్మడానికి ముందు సీజన్‌లో అతను జర్మన్ లీగ్‌లో కొట్టినవి 35 గోల్స్. అలాంటి దాన్ని వట్టిపోయిన గేదె అంటే మీ నాన్నమ్మ ఒప్పుకోదు. ఆవిడ పాడి చేసిన మనిషి, అడిగి చూడు. సామెత దొరికింది కదా అని విషయం మీద బోర్లించకూడదు, విషయానికి సరిపోతేనే వాడాలి. నేనూ కుర్రతనంలో పేజీకి రెండు సామెతలు రాసేవాణ్ని. ఇప్పుడు ఏడాదికి రెండు రాస్తున్నానేమో.

అసలు లోపం వేరే. నీ వ్యాసం అమ్మిన రోజు సాయంత్రంతో ఆగిపోయింది. డబ్బు వచ్చింది, కథ అయిపోయింది అన్నట్టు రాశావు. మర్నాడు ఏమైందో చూశావా?

అతని చోటు నింపడానికి బయెర్న్ అదే వేసవిలో ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్ నుంచి సాదియో మానేని తెచ్చుకుంది, 3 కోట్ల యూరోలకి పైగా పోసి. అతనికీ అప్పటికే 30 ఏళ్లు. లీగ్‌లో 7 గోల్స్ కొట్టాడు, ఏడాది తిరిగేసరికి సౌదీ వెళ్లిపోయాడు. సరే, మరి బయెర్న్ మునిగిందా? మునగలేదు. 2023 మే 27న, సీజన్ చివరి రోజు, లీగ్‌లో ముందున్న డార్ట్‌మండ్ క్లబ్ సొంత గ్రౌండ్‌లో మైన్జ్‌తో 2-2 డ్రా చేసుకుంది. అదే సమయంలో కొలోన్‌లో బయెర్న్ కుర్రాడు ముసియాలా 89వ నిమిషంలో గోల్ కొట్టి గెలిపించాడు. రెండు టీముల పాయింట్లూ 71, గోల్ తేడాతో కప్పు బయెర్న్‌దే. పెద్ద స్ట్రైకర్ లేకుండానే గెలిచారు, కాకపోతే ఊపిరి బిగబట్టుకుని గెలిచారు. అటు బార్సిలోనాలో లెవాండోవ్‌స్కీ ఆ ఏడాది 23 గోల్స్‌తో స్పెయిన్ లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు, వాళ్లకీ లీగ్ వచ్చింది. ఆ రోజున లెక్క తీస్తే ఇద్దరికీ లాభమే.

ఇంకా ఆగకు. ఆ తర్వాతి వేసవిలో, 2023 ఆగస్టులో, అదే బయెర్న్ ఇంగ్లండ్ నుంచి హ్యారీ కేన్‌ని కొంది. దాదాపు 10 కోట్ల యూరోలు. వయసు? 30. ముసలాడని ఒకణ్ని అమ్మిన క్లబ్, ఏడాది తర్వాత ముప్పైలో పడ్డ ఇంకొకడికి రెండింతలు పోసింది! నాలుగేళ్ల ఒప్పందం కాబట్టి లెక్కల పుస్తకంలో ఆ ఖర్చుని నాలుగు ముక్కలు చేసి ఏడాదికి రెండున్నర కోట్ల చొప్పున రాసుకుంటారు. అందుకే ఆఫీసులో కూర్చున్నవాళ్లకి అది మనకి కనిపించినంత భారంగా కనిపించదు. కేన్ మొదటి సీజన్‌లోనే లీగ్‌లో 36 గోల్స్ కొట్టాడు. ఆ సీజన్‌లో బయెర్న్‌కి ఒక్క కప్పూ రాలేదు. లీగ్ టైటిల్ లెవర్‌కూసెన్ క్లబ్ పట్టుకుపోయింది.

చూశావా, స్ట్రైకర్ లేని ఏడాది కప్పు వచ్చింది, 36 గోల్స్ కొట్టిన ఏడాది రాలేదు. ఇది చదివి "అయితే స్ట్రైకరే అక్కర్లేదా" అని ఇంకో వ్యాసం రాయకు, కొడతాను. నేను అనేది ఒక్కటే. అమ్మకం మంచిదో చెడ్డదో చెప్పేటప్పుడు ఏ రోజున నిలబడి చెబుతున్నావో పాఠకుడికి తెలియాలి. 2022 జులైలో ఒక జవాబు, 2023 మేలో ఇంకో జవాబు, 2024 మేలో మరో జవాబు. నువ్వు మొదటిదే పట్టుకుని అదే శాశ్వతం అన్నట్టు రాశావు.

వెనక్కి కూడా నడిచి చూడు, అక్కడ ఇంకా మంచి సరుకు ఉంది. 2013లో ఇదే లెవాండోవ్‌స్కీ డార్ట్‌మండ్‌లో ఉన్నాడు. ఒప్పందం ఇంకా ఏడాదే మిగిలింది, బయెర్న్ కావాలంటోంది. డార్ట్‌మండ్ అమ్మనంది. ఆ చివరి ఏడాది ఆడించుకుంది, 20 గోల్స్‌తో లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు, 2014లో ఒప్పందం అయిపోయి పైసా ఇవ్వకుండా బయెర్న్‌కి నడిచి వెళ్లిపోయాడు. 1995లో బోస్‌మన్ కేసులో యూరప్ కోర్టు తీర్పు ఇచ్చాక గడువు తీరిన ఆటగాడి మీద పాత క్లబ్‌కి డబ్బు అడిగే హక్కు లేదు. అలా ఉత్తినే వచ్చిన మనిషి బయెర్న్‌కి ఎనిమిది సీజన్లలో 375 మ్యాచ్‌ల్లో 344 గోల్స్ కొట్టి, పోతూ పోతూ 4.5 కోట్ల యూరోలు ఇచ్చి పోయాడు. కొన్న ఖర్చు లేదు కాబట్టి ఆ సొమ్మంతా లాభం కిందే లెక్క. 2022లోనూ ఒప్పందంలో ఏడాదే మిగిలింది, అతను వెళ్లిపోతానని గట్టిగా కూర్చున్నాడు. అంటే బయెర్న్ ముందున్న ప్రశ్న "ముసలాడయ్యాడా" అన్నది కాదు. "ఇంకో ఏడాది ఇతని గోల్స్ ఖరీదు 4.5 కోట్ల కన్నా ఎక్కువా తక్కువా" అన్నది. డార్ట్‌మండ్ ఆ ప్రశ్నకి ఒక రకంగా జవాబిచ్చింది, బయెర్న్ ఇంకో రకంగా. పాతికేళ్లవాడైనా 33 ఏళ్లవాడైనా ఆ ప్రశ్న మారదు. నీ మూడు పేజీల్లో ఒప్పందం అన్న మాటే లేదమ్మా.

ఇక వయసు. "కాళ్లు నెమ్మదించాయి" అని రాసి వదిలేశావు. ఇదే తప్పు నేను చేశాను, అది చెప్పడానికే నిజానికి ఇంత పెద్ద ఉత్తరం.

నేను కొత్తగా రాస్తున్న రోజుల్లో మా ఊరి టీమ్‌కి ఒక సెంటర్ ఫార్వర్డ్, అంటే స్ట్రైకరే, ఉండేవాడు. రైలు పట్టాల మీద గ్యాంగ్ పని. పొద్దంతా సుత్తి కొట్టి, సాయంత్రం నాలుగింటికి గ్రౌండ్‌కి వచ్చేవాడు. 35 దాటాయి. నేను ఒక పత్రికకి మ్యాచ్ రిపోర్ట్ రాస్తూ "ఇతనిలో పస అయిపోయింది, కుర్రాళ్లకి దారివ్వాలి" అని రాశాను. నేను రాశానని కాదు గానీ, తర్వాతి నెలలో అతన్ని తప్పించారు. కొత్త కుర్రాడు వచ్చాడు, చిరుతలా పరుగెత్తేవాడు, గోల్స్ కూడా పాతాయన కన్నా ఎక్కువే కొట్టాడు. నేను గెలిచాననుకున్నాను. మూడు నాలుగు మ్యాచ్‌లు గడిచాక గమనించాను, ఎడమ అంచున ఆడే మా లెఫ్ట్ వింగర్ గోల్స్ కొట్టడం మానేశాడు. బెంగ పెట్టుకున్నాడేమో అనుకున్నాను.

తర్వాత ఒకరోజు సంతలో ఆ పెద్దాయన ఎదురయ్యాడు. చేతిలో ఎండుచేపల పొట్లం. తిడతాడనుకున్నాను. "నేను పరుగెత్తలేదని రాశావు, నిజమే. ఎక్కడ నిలబడ్డానో ఎందుకు రాయలేదు?" అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. పొట్లం బండి మీద పెట్టి, చూపుడువేలితో దుమ్ములో గీసి చూపించాడు. ఇద్దరు డిఫెండర్ల మధ్య సందులో నిలబడేవాడట, ఎవరు కాయాలో వాళ్లకి తేలేది కాదట. ఇద్దరూ లోపలికి జరిగేవారు, ఎడమ పక్కన దారి తెరుచుకునేది, మా వింగర్ దూసుకొచ్చేవాడు. కొత్త కుర్రాడు బంతి వెంట పరుగెత్తుతాడు, ఒక్క డిఫెండర్ అతని వెంట పోతాడు, రెండోవాడు వింగర్ దారిలో నిలబడతాడు. అంతే. బెంగా లేదు, గింగా లేదు.

అతన్ని తప్పించడం తప్పంటావా అని నువ్వు అడగొచ్చు. ఇప్పటికీ తెలియదు. బంతి పోయినప్పుడు వెనక్కి వచ్చి అడ్డుకోలేకపోయేవాడు, అదీ నిజమే. అప్పుడు మా టీమ్ పదిమందితో ఆడుతున్నట్టే ఉండేది. బంతి పోగానే వెంటపడి అడ్డుకోవడాన్నే ఇప్పుడు ప్రెస్సింగ్ అంటున్నారు. పెద్ద క్లబ్బుల్లో ముదురు స్ట్రైకర్‌తో వచ్చే చిక్కు ఎక్కువగా ఇక్కడే. గోల్ ముందు పదును తగ్గదు, మొదటి పరుగూ తగ్గదు. పదోసారి, ఇరవయ్యోసారి అదే పరుగు తీయమంటే కాళ్లు మొరాయిస్తాయి. వయసు ఏం తీసుకుపోయిందో, ఏం వదిలిపెట్టిందో విడివిడిగా రాయి. ఆ పని చేశాక తీర్పు ఎటు చెప్పినా నేను కాదనను.

నువ్వు "భావోద్వేగాలకి చోటు లేదు" అని రాశావు గానీ, అమ్మనివాళ్లందరూ మనసు లాగి ఆపేసుకున్నవాళ్లు కాదు. 2023 సెప్టెంబర్‌లో మహమ్మద్ సాలా కోసం సౌదీ క్లబ్ అల్ ఇత్తిహాద్ 15 కోట్ల పౌండ్ల దాకా ఇస్తామంటే లివర్‌పూల్ వద్దంది. అప్పటికి అతనికి 31. పిచ్చి పని అన్నవాళ్లూ ఉన్నారు. 2024-25లో లీగ్‌లో 29 గోల్స్ కొట్టాడు, ఇంకో 18 కొట్టించాడు, టైటిల్ వచ్చింది. ఆ ఆటకి మురిసి, టైటిల్ చేతికి రాకముందే, ఏప్రిల్‌లో రెండేళ్ల కొత్త ఒప్పందం రాసిచ్చారు. తర్వాతి సీజన్ సగం కాకముందే అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది. నిలుపుకోవడం ఒప్పు, ఒప్పందం పొడిగించడం తప్పు అనొచ్చు. రెండూ వేరు వేరు నిర్ణయాలు, ఒకే గాటన కట్టకు. ఇంగ్లండ్‌లోనే ఆర్సెనల్ క్లబ్ 2020లో తన స్ట్రైకర్ ఔబమెయాంగ్‌కి 31 ఏళ్లప్పుడు మూడేళ్లు రాసిచ్చి, ఏడాదిన్నరలోపే ఉత్తినే వదిలేసింది. అదీ చదువు.

ఉరుగ్వే స్ట్రైకర్ సువారెజ్ గురించి మాత్రం తప్పకుండా రాయి, నీకు ఒక బొమ్మ దొరుకుతుంది. బార్సిలోనాకి 198 గోల్స్ కొట్టినవాణ్ని 2020లో 33 ఏళ్లకి వద్దనుకుని, నామమాత్రపు డబ్బుకి అట్లెటికోకి, అంటే సొంత లీగ్‌లోని పోటీదారుకే, ఇచ్చేశారు. ఆ సీజన్‌లోనే 21 గోల్స్ కొట్టాడు. 2021 మే 22న చివరి మ్యాచ్‌లో గెలిపించిన గోల్ అతనిదే, టైటిల్ అట్లెటికోది. మ్యాచ్ అయ్యాక గడ్డి మీద చతికిలబడి, ఇంటివాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతూ ఏడ్చాడు. నువ్వు రెండు పేరాల్లో చెప్పలేనిది ఆ ఫోన్ చెబుతుంది. పక్కన వ్యాఖ్యానం రాయకు, చెడిపోతుంది.

భాష గురించి కొంచెం. "వయసు అతని పక్షాన లేదు", "అతని అత్యుత్తమ దినాలు అతని వెనుక ఉన్నాయి" అని రాశావు. ఈ మాటలు గుణుపురంలో ఏ టీ కొట్టు దగ్గర విన్నావు? టీవీలో ఇంగ్లీషు కామెంటరీ విని లోపల తర్జుమా చేసుకుంటున్నావు. "మునుపటి ఊపు లేదు" అంటే చాలదా? బళ్లో ఒడియా చదువుకుని, నాన్నమ్మ దగ్గర పలక మీద తెలుగు దిద్దుకున్న పిల్లవి. ఒత్తులు ఎక్కడైనా పోతే నేను దిద్దుతాను, దానికి టెన్షన్ పడకు. ఆవిడ మాట మాత్రం పోనివ్వకు. గిడుగు రామమూర్తి పంతులుగారు పిల్లలకి పాఠాలు చెప్పింది నేనుంటున్న ఈ ఊళ్లోనే. సవరల భాష నేర్చుకున్నదీ ఇక్కడే, మనుషులు మాట్లాడే తెలుగే రాయాలని పెద్ద పెద్ద పండితులతో పోట్లాడిందీ ఇక్కడుండగానే. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మనం ఉండిపోయాం. ఇక్కడ కూర్చుని పుస్తకాల తెలుగు రాస్తే నాకు సిగ్గుగా ఉంటుంది.

ఇంకొకటి, మన దేశం గురించి ఒక్క వాక్యమూ లేదు. సునీల్ ఛెత్రి 2024 జూన్‌లో దేశం తరఫున ఆడటం మానేశాడు. 2025 మార్చిలో 40 ఏళ్ల వయసులో మళ్లీ పిలిపించి ఆడించారు. వచ్చి మాల్దీవుల మీద గోల్ కొట్టాడు కూడా. దేశానికి ఆడేవాణ్ని అమ్మడమూ ఉండదు, కొనడమూ ఉండదు. ఉన్నది ఒకటే ప్రశ్న, అతని వెనక ఎవరున్నారని. ఇది నీ వ్యాసంలో ఇరికించకు. వేరేగా రాయి, అది నీకు ఇంకా బాగా వస్తుంది.

పండక్కి మీ వాళ్లతో ఇటు వస్తే ఒక సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్దాం. నువ్వు బంతిని చూడొద్దు. సెంటర్ ఫార్వర్డ్ ఎక్కడ నిలబడ్డాడో పదిహేను నిమిషాలు కాగితం మీద చుక్కలు పెట్టు చాలు. చుక్కల కాగితం చూశాకే మార్చి రాసిన వ్యాసం చదువుతాను. నాన్నమ్మకి నా నమస్కారాలు చెప్పు, మోకాళ్ల నొప్పికి డాక్టర్ రాసిన మందు మానేయొద్దన్నానని కూడా.

ఉంటాను,
తాత

మర్చిపోయాను. లెవాండోవ్‌స్కీ పేరు మూడు పేజీల్లో నాలుగు రకాలుగా రాశావు, ఒక చోటైతే "లేవండోయ్‌స్కీ" అయింది. జిరాక్స్ కుర్రాడు దానికే నవ్వాడు. ఏదో ఒకటి ఖాయం చేసుకో.