పోల్చడం అంటే మార్కులు వేయడం కాదు: సినిమాల మీద రాస్తానన్న మేనల్లుడికి

నాన్నా,

నీ మెయిల్ చదివాను. ‘ఆర్డినరీ పీపుల్’, ‘ది ఐస్ స్టార్మ్’, ‘అమెరికన్ బ్యూటీ’ మూడూ, సంసారాలు చెడిన అమెరికన్ ఇళ్ళ కథలు, వరుసగా చూశావట, ఏది గొప్పదో తేల్చి వ్యాసం రాస్తావట. తప్పకుండా రాయి. కానీ ఏది గొప్పదో తేల్చే పని మాత్రం పక్కన పెట్టు, ఎందుకంటే అందులోకి దిగావంటే అవార్డుల గొడవే నిన్ను మింగేస్తుంది. ‘ఆర్డినరీ పీపుల్’ ‘రేజింగ్ బుల్’ని దాటి ఉత్తమ చిత్రం ఆస్కార్ ఎత్తుకుపోయిందని ఇప్పటికీ దాని మీద కోపంగా ఉన్నవాళ్ళున్నారు. ‘అమెరికన్ బ్యూటీ’కి అయిదు ఆస్కార్లు వచ్చాయి, ‘ఐస్ స్టార్మ్’కి ఒక్క నామినేషన్ కూడా రాలేదు. వీటిలో ఏదీ ఆ ఇళ్ళలో ఏం జరుగుతోందో నీకు చెప్పదు.

ఇన్నేళ్ళుగా ఇలాంటి కుటుంబ సినిమాలు చూస్తూ నేను పట్టుకున్న కొలత ఒకటుంది. సంసారం చెడిన ఇంటి కథలో, ఆ ఇంట్లో ఉన్న ప్రతి మనిషికీ ఎవరూ చూడని ఒక నిమిషాన్ని దర్శకుడు ఇచ్చాడా లేదా? నలుగురిలో ఉన్నప్పుడు అందరూ నటిస్తూనే ఉంటారు, ఊరి శివార్లలో ఉండే ఈ సబర్బ్ ఇళ్ళలో మరీను. మనిషి ఒక్కడే ఉన్నప్పుడు చూపించాడంటే దర్శకుడు ఆ మనిషి బాధని కూడా లెక్కలోకి తీసుకున్నాడన్నమాట. చూపించలేదంటే ఆ మనిషి మీద తప్పంతా తోసేసి కథ నడిపిస్తున్నాడేమో అని అనుమానించు.

‘ఆర్డినరీ పీపుల్’లో బెత్‌ని తీసుకో. కొడుకు కాన్రాడ్ ఆకలి లేదనగానే ఫ్రెంచ్ టోస్ట్ తీసుకెళ్ళి సింక్‌లో పారేసే తల్లి, ఫొటోలో వాడి పక్కన నిలబడటానికి కూడా ఇబ్బంది పడే తల్లి. రాతిగుండె మనిషి అని రాసేయడం చాలా తేలిక, నువ్వూ మెయిల్లో దాదాపు అదే రాశావు. కానీ ఆమె చనిపోయిన పెద్దకొడుకు బక్ గదిలోకి వెళ్ళి ఊరికే కూర్చునే సీను మళ్ళీ చూడు. కాన్రాడ్ గుమ్మం దగ్గర కనపడగానే ఎలా ఉలిక్కిపడుతుందో చూడు. చివర్లో సూట్‌కేస్ సర్దుకుంటూ ఒక్క క్షణం ఒళ్ళంతా వణికి, మళ్ళీ సర్దుకుని నిలబడుతుంది. రెడ్‌ఫర్డ్‌కి దర్శకుడిగా అదే మొదటి సినిమా, అయినా ఆ రెండు చోట్లా ఆమెని వదిలిపెట్టలేదు. బెత్‌గా వేసిన మేరీ టైలర్ మూర్ అప్పటిదాకా టీవీలో జనాన్ని నవ్వించిన మనిషని గుర్తుపెట్టుకుంటే, ఆ వణుకు అప్పటి ప్రేక్షకులకి ఎలా తగిలి ఉంటుందో ఊహించొచ్చు.

ఇప్పుడు ‘అమెరికన్ బ్యూటీ’కి రా. ఇదీ శామ్ మెండెస్ మొదటి సినిమానే. ఇక్కడ కథ చెప్పేది లెస్టర్, పైగా ఏడాదిలోపే చచ్చిపోతానని మొదట్లోనే మనకి చెప్పేస్తాడు. అంటే మొదటినుంచీ మన జాలంతా అతని ఖాతాలోకే వెళ్ళిపోతుంది. అతని భార్య, ఇళ్ళు అమ్మిపెట్టే కారలిన్‌కీ ఒంటరి సీను ఉంది: అమ్మాల్సిన ఇల్లంతా తుడిచి శుభ్రం చేసి, ఎవరూ కొనకపోతే, ఏడుస్తూ తన చెంప తానే వాయించుకుంటుంది. సినిమాలో నన్ను ఎక్కువగా కదిలించింది అదే. బాధల్లా, ఆ తర్వాత సినిమా ఆమెని చాలావరకు నవ్వులపాలు చేస్తూనే పోతుంది, భర్త పోయాక అతని బట్టలు కౌగిలించుకునేదాకా. పక్కింటి కల్నల్ భార్య బార్బరా సంగతి ఇంకా ఘోరం. అద్దంలా మెరిసే ఇంట్లో కూర్చుని, ఇల్లు ఇలా ఉన్నందుకు క్షమించమంటుంది. ఆ ఒక్క మాటలో ఒక జీవితం ఉంది, కానీ సినిమా దాని వెంట వెళ్ళలేదు. దీని మీద ఒక పేరా రాయి, ఎవరూ పెద్దగా రాయరు.

‘ఐస్ స్టార్మ్’ దగ్గర మాత్రం తొందరపడకు. 1973 థాంక్స్‌గివింగ్ రోజులు, టీవీలో ప్రెసిడెంట్ నిక్సన్ వాటర్‌గేట్ కుంభకోణం, పెద్దవాళ్ళు పార్టీలో కారు తాళాలు గిన్నెలో వేసి భార్యల్నీ భర్తల్నీ మార్చుకునే ఆట. రాసేవాళ్ళంతా ఆ తాళాల దగ్గరే ఆగిపోతారు. నువ్వు ఆ పెద్దవాళ్ళలో ఒకరైన ఎలీనా వెనక వెళ్ళు. కూతురు సైకిల్ తొక్కుతూ పోవడం చూస్తుంది, తర్వాత తనూ సైకిలెక్కుతుంది, కూతురిలాగే తనూ షాపులో దొంగతనం చేస్తుంది. ఒక్క పెద్ద డైలాగు లేకుండా తల్లీకూతుళ్ళిద్దరిదీ ఒకే ఉక్కిరిబిక్కిరి అని తెలిసిపోతుంది. పక్కింటి జేనీ అయితే పార్టీనుంచి వచ్చి పక్కమీద కడుపులో పిల్లలా ముడుచుకుని పడుకుంటుంది, కొడుకు పోయిన సంగతి ఇంకా తెలియకుండానే. దర్శకుడు ఆంగ్ లీ ఎవరినీ వదలడు. మూడింట్లో నాకు ఇదే ఎక్కువ ఇష్టం, కారణం ఇదే.

ఇంకొకటి. ఏ కాలం కథ ఏ కాలంలో తీశారో చూసుకో. రెడ్‌ఫర్డ్ 1980లో తన చుట్టూ ఉన్న కాలాన్నే తీశాడు, అందుకే అక్కడ సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళడమే ఇంట్లో ఒక టెన్షన్. ఆంగ్ లీ 1997లో కూర్చుని 1973ని తీశాడు. దాటిపోయిన కాలాన్ని చూసేవాడికి తీరిక ఉంటుంది, జాలి కూడా ఎక్కువగా ఉంటుంది. ఈ తేడా లెక్కలోకి తీసుకోకుండా ఒకదాన్ని వేడి అనీ ఇంకోదాన్ని చల్లన అనీ రాసేస్తే అన్యాయం.

నువ్వు ఉండేది నేపర్‌విల్‌లో కాబట్టి, అదే షికాగో చుట్టుపక్కల ఉన్న బెత్ వాళ్ళ ఊరు లేక్ ఫారెస్ట్ చూసొచ్చి అక్కడి ఇళ్ళ గురించి రాయాలనిపిస్తుంది. వెళ్ళిరా, కానీ ఇళ్ళ సైజు గురించి ఎక్కువ రాయకు. మనవాళ్ళ ఇళ్ళలో గొడవైతే ఇండియానుంచి అమ్మమ్మ ఫోన్ చేస్తుంది, ఎవరో ఒకరు మధ్యలో దూరతారు. ఈ మూడు కథల్లో అలా దూరేవాళ్ళు దాదాపు లేరు. బయటివాడు వచ్చాడంటే డబ్బు తీసుకునే డాక్టరే అవ్వాలి. దీని గురించి రాయి, ఇది నువ్వు రెండువైపులా చూసినవాడివి కాబట్టి నీకే బాగా వస్తుంది.

రాసే ముందు మూడింట్లోనూ భోజనాల బల్ల సీన్లు మాత్రం ఇంకోసారి చూడు, సౌండ్ తీసేసి. ఎవరు ఎవరి వైపు చూడట్లేదో కాగితం మీద రాసుకో. కథ మొత్తం చెప్పే పేరాలు పెట్టకు, చూసినవాళ్ళకి అక్కర్లేదు, చూడనివాళ్ళకి పాడుచేసినట్టవుతుంది. డ్రాఫ్ట్ అయ్యాక మెండెస్ 2008లో తీసిన ‘రెవల్యూషనరీ రోడ్’ చూడు. అందులో భర్త ఆఫీసుకి వెళ్ళిపోయాక భార్య ఏప్రిల్ ఒక్కతే ఇంట్లో ఉండే ఆ చివరి ఉదయం ఉంది కదా, కారలిన్‌కి తక్కువైంది ఈమెకి ఇచ్చాడా లేదా, నీకేమనిపించిందో నాకు రాయి. డ్రాఫ్ట్‌తో పాటే పంపు.

మీ మావయ్య