ఆనాటి నియమాన్ని వెతికేదెలా?

ప్రశ్న: 2018 మే నెలలో వాహనాల తనిఖీలో ఫోనులోని లైసెన్సు ఫొటో చూపితే ఒప్పుకోక నాకు జరిమానా వేశారు. ఇప్పుడు ఫోనులో చూపినా చెల్లుతుందని మా అబ్బాయి అంటున్నాడు. ఆ రోజున అమలులో ఉన్న నియమమేమిటో తెలుసుకునే మార్గం ఉందా? – ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ఉన్నదండీ. మీరు చూడవలసినది 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో, అధికారి అడిగినప్పుడు పత్రాలు చూపడం గురించిన 139వ నియమం. ఇప్పటి పుస్తకాలలో సవరించిన పాఠమే ఉంటుంది గనుక పాతదాని కోసం ప్రభుత్వ అధికారిక ప్రచురణ అయిన గెజిట్‌నే ఆశ్రయించాలి. ఈ నియమాలకు కేంద్రం వెలువరించే సవరణ నోటిఫికేషన్ల చివర ఒక చిన్న గమనిక ఉంటుంది. మూల నియమాలు 1989 జూన్ 2న జి.ఎస్.ఆర్. 590(ఇ) సంఖ్యతో ప్రచురితమైనాయనీ, చివరిసారి ఫలానా సంఖ్యతో, ఫలానా తేదీన సవరించారనీ అందులో చెబుతారు. చాలామంది చదవకుండా వదిలేసే ఆ రెండు మూడు వరుసలే, నా దృష్టిలో, ఈ వెతుకులాటకు ప్రాణం. ఆ సంఖ్యతో ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-గెజిట్‌లో ముందటి సవరణను, దాని గమనికను పట్టుకొని అంతకు ముందటిదానిని తీస్తూ వెనక్కి వెళితే, 139ని ఏ సవరణ ఎప్పుడు తాకిందో తేలిపోతుంది. దారిలో ముసాయిదా నోటిఫికేషన్లు ఎదురవుతాయి. అవి అభ్యంతరాల కోసం ప్రచురించినవే గనుక లెక్కలోకి రావు.

పత్రాలను ఎలక్ట్రానిక్ రూపంలోనూ చూపవచ్చునన్న మాట 139లో చేరినది 2018 నవంబరులో. ప్రభుత్వ యాప్‌లైన డిజిలాకర్, ఎంపరివాహన్‌లలోని పత్రాలను అంగీకరించాలని అంతకుముందు ఆగస్టులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది గాని, అది సూచనే. రెండూ మీ జరిమానా తరువాతివే కనుక మీ అబ్బాయి చెప్పినది ఆ రోజుకు వర్తించదు.

అయితే పాత పాఠాన్ని పూర్తిగా చదవండి. పత్రాలు వెంట లేనివారు అధికారి ధ్రువీకరించిన ప్రతిని స్వయంగా చూపవచ్చుననీ, లేదా అడిగిన తేదీ నుంచి 15 రోజులలోగా రిజిస్టర్డ్ పోస్టులో, పత్రాలు అడిగిన అధికారికి పంపవచ్చుననీ అందులో స్పష్టంగా ఉన్నది. ఈ వెసులుబాటు సంగతి మీకు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! చలానా దాచి ఉంటే, ఏ సెక్షను కింద జరిమానా వేశారో చూసి, ఈ పాఠాన్ని పక్కన పెట్టుకొని న్యాయవాదిని సంప్రదించండి.