ఆ త్సుబాకి చిల్లు పెట్టించకు, అమ్మడూ

అమ్మడూ,

ఫొటోలు చూశాను. క్యోటోలో తోజీ గుడి దగ్గర 21వ తారీకు సంతలో పాత జపాన్ కత్తుల సామాను ఏరుకున్నావు, నీ కన్ను మంచిదే. రెండు త్సుబాలు (పిడికీ కత్తి అలుగుకీ మధ్య ఉండే రేకులు), ఒక ఫుచి (త్సుబా పక్కన పిడి మొదట్లో తొడిగే కట్టు), ఒక కొజుకా (కత్తి ఒర పక్కన పెట్టుకునే చిన్న చాకు పిడి), జత మెనుకిలు (పిడికి రెండు పక్కలా పెట్టే చిన్న లోహపు బొమ్మలు). వీటితో లాకెట్టు, బ్రూచ్ చేయించుకుంటే తప్పా అని అడిగావు. తప్పేం కాదు, 1876లో మేజీ ప్రభుత్వం కత్తి కట్టుకుని తిరగడం నిషేధించాక జపాన్ వాళ్లే ఆ పని చేశారు. పిడి మీద ఉండే మెనుకి కిమోనో నడికట్టు మీద నగ అయింది, కొజుకాలకి యూరప్ వాళ్లు పళ్లు కోసుకునే చాకులు బిగించుకున్నారు.

నేను చూసుకునేది ఒక్కటే. నువ్వు చేయించినదాన్ని రేపు ఎవరైనా విప్పేసి మళ్లీ కత్తికి తొడుక్కోగలగాలి. అంటే చిల్లులు వద్దు, టంకం వద్దు, పాలిష్ అసలే వద్దు.

పాలిష్ సంగతి అనుభవం మీద చెప్తున్నా. ఇక్కడికి వచ్చిన కొత్తలో నల్లటి ఫుచి ఒకటి కొని, మురికి పట్టిందనుకుని, మీ నాయనమ్మ ఇత్తడి చెంబులు తోమినట్టు చింతపండుతో రుద్దాను. రెండు నిమిషాల్లో అంచుల దగ్గర ఎర్రటి రాగి బయటపడింది. అది షకుదో అమ్మడూ, రాగిలో నూటికి నాలుగైదు పాళ్లు బంగారం కలిపిన లోహం. ఆ నలుపు మురికి కాదు, ముల్లంగి తురుము పట్టించి రొకుషో అనే ద్రావణంలో ఉడకబెట్టి తెప్పించిన రంగు. పొర చాలా పలచన. ఇప్పటికీ దాన్ని చూస్తే నాకు బాధేస్తుంది.

ఇనుప త్సుబా గట్టిదే కానీ నీళ్లు దానికి పడవు. టీ గ్లాసు కింద పెట్టుకుంటానన్నావు, వద్దు, చెమ్మకి ఎర్ర తుప్పు లేస్తుంది. కాగితాల మీద బరువుగా పెట్టుకో, అడుగున మెత్తటి ఫెల్టు గుడ్డ వేసుకో, అంటించకు. మెళ్లో వేసుకోవాలంటే మధ్య రంధ్రంలోంచే పట్టు తాడు దూర్చుకో, కాకపోతే బరువు చూసుకో. రంధ్రం అంచున చిన్న రాగి ముక్కలు కూరి ఉంటే ఊడబీకకు, అది కత్తి మీద కూర్చుందనడానికి అవొక ఆనవాలు. ఎర్ర తుప్పు కనిపిస్తే జింక కొమ్ము మొనతో మెల్లగా గీకు, ఎమరీ పేపర్ జోలికి పోకు.

ఫుచి స్కార్ఫ్‌కి కట్టులా తొడుక్కోడానికి బాగుంటుంది. అయితే లోపల ఒకవైపు రాగి రేకు మూసి ఉంటుంది, కత్తి దూరే సందు దానిలోనే, ఆ అంచు పట్టుబట్టని లాగేస్తుంది. నూలు గుడ్డకే వాడు. కొజుకా చక్కగా కవర్లు చింపుకోడానికి పనికొస్తుంది, అది బోలుగా ఉంటుంది కాబట్టి చాకు బిగించేటప్పుడు జిగురు పోయనివ్వకు.

అసలు టెన్షన్ అంతా మెనుకిల గురించే. కంసాలి దగ్గరికి వెళ్తే వెనక పిన్ను టంకం వేస్తానంటాడు, ఆ వేడికి రంగంతా పోతుంది. చుట్టూ వెండి తొడుగు కట్టి, అంచులు మడిచి పట్టి ఉంచమను, పిన్ను ఆ తొడుగుకే ఉండాలి. జతని విడదీయకు, ఒకటి నువ్వు ఒకటి మీ అక్క అని పంచుకోవద్దు.

ఏదీ మొదలుపెట్టకముందు త్సుబా రంధ్రం పక్కన చెక్కిన అక్షరాలేమైనా ఉన్నాయేమో చూసి, ఏటవాలు వెలుతురులో రెండు వైపులా ఫొటో తీసి పంపు. మెనుకిల వెనక వైపు కూడా.

మీ బాబాయ్