ఇంట్లో ఉన్న వస్తువులతోనే బండిని దుమ్ము లేకుండా ఉంచుకోవచ్చా?

చీపురు, పాత గుడ్డలు, వాక్యూమ్ క్లీనర్, గిన్నెల సబ్బు ఇంట్లో ఉన్నాయి, బండికి వీటిని వాడొచ్చా అని అడిగారు. వాక్యూమ్ క్లీనర్ భేషుగ్గా పనికొస్తుంది. గుడ్డల్లో కొన్నే పనికొస్తాయి. చీపురు, గిన్నెల సబ్బు మాత్రం బండి దగ్గరికి రానివ్వకండి.

ట్యాంకు మీద ఎండపడినప్పుడు సాలెగూడులా కనిపించే సన్నగీతలు దుమ్ము పడ్డందుకు రావు, ఆ దుమ్మును పొడిగుడ్డతో రుద్దినందుకు వస్తాయి. దుమ్ములో ఉండే ఇసుక రేణువు గాజునే గీస్తుంది, ఇక పెయింటు మీద ఉండే పల్చటి పారదర్శక పూత (క్లియర్‌కోట్) ఎంత! గుడ్డ కింద చిక్కిన ఒక్క రేణువు గుడ్డ తిరిగినంత మేరా గీసుకుంటూ పోతుంది. అందుకే ముందు దుమ్మును లేపేయాలి, ఆ తర్వాతే తుడవాలి. బండి చల్లగా ఉండాలి, నీడలో ఉండాలి.

దుమ్ము లేపడానికి రంగులు వేసే 2 అంగుళాల మెత్తటి బ్రష్షును మించింది లేదు. కొత్తదే వాడండి, ఎండిన రంగు అంటుకున్న కుచ్చు గీతలు పెడుతుంది. కుచ్చును పట్టి ఉంచే రేకు పట్టీ ట్యాంకుకు తగిలితే పెయింటు లేచిపోతుంది కాబట్టి దాని చుట్టూ ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు చుట్టండి. అద్దాలు, మీటరు, ట్యాంకు, సీటు, చివరికి చక్రాలు, ఇలా పైనుంచి కిందికి రండి. నొక్కకుండా కుచ్చు కొసలతో విదిలించినట్టు అనాలి. స్విచ్‌ల సందులు, తాళంచెవి రంధ్రం చుట్టూ, ట్యాంకుకూ సీటుకూ మధ్య ఉండే సందు... దుమ్ము కూరుకుపోయేది ఇక్కడే, గుడ్డ అందనిదీ ఇక్కడే.

వాక్యూమ్ క్లీనరుకు మెత్తటి బ్రష్షు ఉన్న మూతిని తగిలించి, ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, కుడిచేత్తో రంగుల బ్రష్షు ఆడిస్తే లేచిన దుమ్ము లేచినట్టే లోపలికి పోతుంది. మూతిని పెయింటుకు ఆనించొద్దు, వేలెడు దూరం చాలు. నేల ఊడ్చిన మూతినే తెచ్చి వాడేవాళ్లున్నారు. దాని కుచ్చులో ఇసుక, వెంట్రుకలు ఇరుక్కుని ఉంటాయి, కడిగి ఆరబెట్టాకే వాడండి. ట్యాంకు మూత తెరిచి ఉన్నా, పెట్రోలు వాసన వస్తున్నా వాక్యూమ్ ఆన్ చేయకండి. దాని మోటారులో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. గాలి ఊదే సదుపాయం ఉన్నా ఎయిర్‌ఫిల్టర్ గొట్టంలోకి ఊదొద్దు. బ్రేకుల మీదికి అసలే ఊదొద్దు, అక్కడినుంచి లేచే బ్రేకు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడిచేయండి.

ఇప్పుడు గుడ్డ. మైక్రోఫైబర్ గుడ్డను నాలుగు మడతలు పెడితే తిప్పుకుంటూ వాడుకోవడానికి ఎనిమిది ముఖాలు వస్తాయి. తడిపి, చుక్క కారకుండా పిండి, వరుసగా ఒకే దిశలో లాగండి, గుండ్రంగా తిప్పొద్దు. ముఖం నల్లబడగానే మడత మార్చండి. వెనకే ఇంకో పొడి గుడ్డతో అద్దండి. ప్లాస్టిక్ భాగాలను పొడిగుడ్డతో రుద్దితే స్థిరవిద్యుత్తు పుట్టి తుడిచిన గంటకే మళ్లీ దుమ్మును లాక్కుంటాయి. అక్కడా తడిగుడ్డే. కింద పడిన గుడ్డను ఎంత దులిపినా బాడీకి వాడకండి, చక్రాలకు కేటాయించండి. గుడ్డలు ఉతికేటప్పుడు ఫాబ్రిక్ కండిషనర్ పోస్తే పోగులు మూసుకుపోయి దుమ్మును పట్టడం మానేస్తాయి.

గిన్నెల సబ్బు జిడ్డుతో పాటు మైనపు పూతనూ ఊడ్చేస్తుంది. గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్లో గరుకు పొడి ఉంటుంది, ఒక్కసారి వాడినా పెయింటు మసకబారుతుంది. అమ్మోనియా ఉన్న గాజు క్లీనరు కొడితే మీటరు మీది ప్లాస్టిక్, హెల్మెట్ వైజర్ మసకబారి పగుళ్లు పడొచ్చు. వాటికి మంచినీళ్లు చాలు. డీజిల్, కిరోసిన్ పూస్తే బాడీ ఆ పూటకు నిగనిగలాడుతుంది కానీ, ఆ జిడ్డుకే రెట్టింపు దుమ్ము అంటుకుంటుంది, రబ్బరు భాగాలు ఉబ్బి పాడవుతాయి. బ్రేకు డిస్కుకు గానీ టైరు నేలకు తగిలే భాగానికి గానీ ఏ పాలిషూ తగలనివ్వకండి, బ్రేకు పట్టదు, బండి జారుతుంది.

చైనుకు పాత టూత్‌బ్రష్ ఒకటి వేరుగా పెట్టుకోండి. ఇంజను ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ తోమాలి. ఇంజను నడుస్తుండగా వేళ్లు చైనులో పడితే తెగిపోతాయి. చైన్ లూబ్ (చైనుకు వేసే నూనె) వేసి పావుగంట ఆగి, పైపైన ఉన్నదాన్ని తుడిచేయండి. వెనక రిమ్ము నల్లగా అయ్యేది ఆ మిగులు లూబ్ చిమ్మడం వల్లనే.

కప్పడానికి పాత నూలు దుప్పటి మంచిదే, ప్లాస్టిక్ పట్టా కింద తేమ నిలిచి తుప్పు పడుతుంది. ఇంజను, సైలెన్సర్ పూర్తిగా చల్లారాక, దుమ్ము తీశాకే కప్పండి. దుమ్ము మీద కప్పిన దుప్పటి గాలికి ఆడుతూ రాత్రంతా గీతలు పెడుతుంది. దానికీ దుమ్ము పట్టేది లోపలివైపు కాదు, పైవైపు. కాబట్టి తీసేటప్పుడు లాగకుండా పైభాగాన్ని లోపలికి మడుచుకుంటూ ఎత్తండి.