హార్లెమ్‌లో కూర్చుని వేసిన బ్రెజిల్

ప్రశ్న: డచ్ చిత్రకారుడు ఫ్రాన్స్ పోస్ట్ వేసిన బ్రెజిల్ దృశ్యాలు ఒక పుస్తకంలో చూశాను. ఆయన అంత దూరం ఎందుకు వెళ్లాడు? ఆ బొమ్మల్లో చెరకు మిల్లుల దగ్గరి బానిసలు అంత నిమ్మళంగా ఎలా కనిపిస్తున్నారు?

జవాబు: ఉద్యోగం మీద వెళ్లాడండి. ఈశాన్య బ్రెజిల్‌లో కొంత భాగం అప్పట్లో డచ్ వెస్టిండియా కంపెనీ చేతిలో ఉండేది. అక్కడికి గవర్నర్‌గా వెళ్తూ యోహాన్ మారిట్స్ చిత్రకారుల్నీ, శాస్త్రవేత్తల్నీ వెంట తీసుకెళ్లాడు. 1637లో అక్కడి రేవుపట్టణం రెసీఫేలో దిగేనాటికి పోస్ట్‌కి 24 ఏళ్లు.

అక్కడ ఉండగా వేసిన ఆయిల్ పెయింటింగుల్లో ఇప్పుడు మిగిలినవి ఏడు. నన్నడిగితే ఆయన పనిలో మేలైనవి అవే. లూవ్ర్ మ్యూజియంలోని సావో ఫ్రాన్సిస్కో నది చిత్రం చూడండి. ఇవతలి గట్టున ఓ పొడవాటి కాక్టస్, దాని పక్కన మేత మేస్తున్న కాపిబారా (ఎలుక జాతికి చెందిన పెద్ద జంతువు). నదికి అవతల కోట. మిగతాదంతా ఆకాశమే. ఆర్భాటం ఏమీ లేదు.

1644లో తిరిగొచ్చాక నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో స్థిరపడ్డాడు. మళ్లీ బ్రెజిల్ గడప తొక్కలేదు గానీ ఆ తర్వాత కూడా వేసింది బ్రెజిల్‌నే, వందకు పైగా బొమ్మలు! కొనేవాళ్లకి వింతలు కావాలి కదా. అందుకే ఆ తర్వాతి చిత్రాల్లో ముందుభాగమంతా ఆర్మడిల్లోలూ, ఇగ్వానాలూ, అనాసలూ కిక్కిరిసిపోతాయి. చేయి తిరిగినతనం ఉంది, ఎండ వేడి మాత్రం లేదు.

ఇక మీ రెండో ప్రశ్న. మిల్లు బొమ్మల్లో చెరకు ఆడుతుంటారు, పాకం కాస్తుంటారు, కొన్నిచోట్ల ఆఫ్రికన్లు డాన్స్ కూడా చేస్తుంటారు. కొరడా కనబడదు. పోస్ట్ రెసీఫేలో దిగిన ఏడాదే మారిట్స్ పంపిన దళం ఆఫ్రికా తీరంలో బానిసల వ్యాపారం సాగే ఎల్మినా కోటను పోర్చుగీసుల నుంచి లాక్కుంది. మిల్లులకు మనుషులు కావాలి మరి. అన్నేళ్లు అక్కడ ఉన్నవాడు ఇదంతా చూడలేదంటే నేను నమ్మను. డబ్బున్న డచ్ ఇళ్ల గోడలకి ఆ క్రూరత్వం పనికిరాదు, అంతే.

1679లో మారిట్స్ తన బ్రెజిల్ చిత్రాలను ఫ్రాన్స్ రాజు 14వ లూయీకి కానుకగా పంపాడు. పోస్ట్‌ని కూడా పంపిద్దామనుకున్నారు గానీ అప్పటికే తాగుడుతో చేతులు వణుకుతున్నాయట. మరుసటి ఏడాదే పోయాడు.

వీలైతే ఆయన జంతువుల డ్రాయింగులు వెతికి చూడండి. హార్లెమ్‌లోని ఆర్కైవ్‌లో దొరికిన 34 డ్రాయింగుల్ని ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం 2016లో ప్రదర్శించింది. తర్వాతి పెయింటింగుల్లో పదేపదే కనిపించే జంతువులకు మూలం ఎక్కడుందో వాటిలో తెలుస్తుంది.