ఎన్నారై సందేహాలు: డాలస్‌లో కొడితే గుంటూరులో కేసు నడుస్తుందా?

సందేహం: ఆంటీగారూ, పెళ్లయి ఏడాది దాటింది. హెచ్4 డిపెండెంటు వీసా మీద డాలస్ వచ్చాను. పెళ్లప్పుడు ఇచ్చింది చాలదని, ఇంకో 20 లక్షలు తెమ్మని అత్తమామలు నెల్లూరు నుంచి ఒకటే ఫోన్లు. నాకూ చేస్తున్నారు, నాన్నకీ చేస్తున్నారు. ఈయన ఇక్కడ చెయ్యి కూడా చేసుకున్నారు. గుంటూరులో అత్తింటి వేధింపుల కేసు, అదే 498ఏ, పెట్టేస్తానని నాన్న అంటున్నారు. నేను ఇక్కడ ఉండగా ఆ కేసు నడుస్తుందా?

జవాబు: నడుస్తుందమ్మా. అయితే ముందు ఒక మాట. ఆయన మళ్లీ చెయ్యెత్తితే గుంటూరుకి కాదు, 911కి ఫోన్ చెయ్యి. మీ నాన్నగారు అక్కడ నిద్ర లేచి, చొక్కా తొడుక్కుని, లాయరుగారింటికి వెళ్లేలోపు ఇక్కడ జరగాల్సింది జరిగిపోతుంది. ఆ పోలీసు రిపోర్టు కాపీ రేపు ఇండియా కేసులో కూడా అక్కరకొస్తుంది. సరే, ఇక కేసు సంగతి.

నేను ఈ దేశం వచ్చింది 1999లో. అప్పుడు వాట్సాప్ ఎక్కడిది? కాలింగ్ కార్డు గీకి, అంత పొడుగు పిన్ నొక్కి, అమ్మ గొంతు వినపడేసరికి సగం నిమిషాలు ఏడుపుకే పోయేవి. నాదీ నీలాంటి కథే. అత్తవారు ఊళ్లో స్థలం కొంటున్నారు, పుట్టింటివాళ్లు కాస్త సర్దాలి. సర్దకపోతే ఇక్కడ మా ఆయన మాట్లాడడం మానేసేవాడు, ఆ తర్వాత గిన్నెలు ఎగిరేవి. బ్యాంకులో వేస్తే లెక్కల్లోకి వస్తుందని మా మామగారు నగదే కావాలనేవారు. మా నాన్న ఆ కట్టల్ని పాత పేపర్లో చుట్టి, చేతిసంచిలో తువ్వాలు కింద పెట్టుకుని, ఏలూరు నుంచి నెల్లూరు దాకా బస్సులో వెళ్లి ఇచ్చి, వాళ్లింట్లోనే భోంచేసి వచ్చేవారు. వియ్యంకుణ్ణి రసీదు అడగడం మర్యాద కాదట! నా నగలన్నీ అత్తగారి లాకర్లో ఉండేవి. లోపల పెట్టిన రోజు ఏమేం పెట్టామో ఎవ్వరూ రాసుకోలేదు. హెచ్1 ఉద్యోగ వీసాకి మారి ఉద్యోగంలో చేరాక నా జీతం జాయింటు ఖాతాలో పడేది. అంతా మంచిగానే ఉందనుకున్నాను. ఒకరోజు ఇండియన్ స్టోర్లో కార్డు పనిచెయ్యలేదు. కౌంటరు మీద పెట్టిన పాలు, కరివేపాకు వెనక్కి ఇచ్చేసి, నా వెనక నిలబడ్డ తెలుగావిడ ముఖం చూడకుండా బయటికొచ్చాను. ఖాతా ఖాళీ, పాస్‌వర్డు కూడా మార్చేశాడు.

అందుకే ఎవరు ఏ సందేహం అడిగినా నేను తిరిగి తిరిగి డబ్బు దగ్గరికే వస్తాను. నువ్వడిగింది చట్టం గురించే కదా, అయినా అక్కడికే వస్తాం, చూడు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను, మిగతాది మంచి క్రిమినల్ లాయరుని కూర్చోబెట్టి అడుగు. 498ఏ అనేది 1983లో ఐపీసీలో చేర్చిన సెక్షను. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో అది 85, 86 సెక్షన్లయింది. ఆ తేదీ తర్వాత జరిగినవాటికి 85 రాయాలి. అందరూ నోటికి అలవాటై 498ఏ అనే అంటారు, పర్లేదు. శిక్ష మూడేళ్ల దాకా, జరిమానా. మొగుడూ పెళ్లాల ప్రతి గొడవా దీని కిందికి రాదు. రెండు రకాలే వస్తాయి. ఒకటి, ఆత్మహత్యకు పురిగొల్పేంత, లేదా ప్రాణానికీ ఒంటికీ మనసుకీ తీవ్రంగా హాని చేసేంత దుర్మార్గపు ప్రవర్తన. రెండోది, డబ్బో ఆస్తో తెమ్మని వేధించడం, తేలేదని వేధించడం. మొదటి రకానికి కట్నం అడిగి ఉండక్కర్లేదు, 2024 డిసెంబరులో ఆంధ్రా కేసులోనే సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. నీకు రెండూ ఉన్నాయి. కానీ కాగితం మీద చూపించగలిగేది రెండోదే. మనసుకి తగిలిన దెబ్బకి రసీదు ఉండదు, బ్యాంకు ట్రాన్స్‌ఫరుకి ఉంటుంది.

ఫిర్యాదు మీ నాన్నగారు ఇవ్వొచ్చు. అమ్మ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, బాబాయి, మేనత్త, మేనమామ, పిన్ని కూడా ఇవ్వొచ్చు. ఇప్పుడు ఈమెయిల్‌లో పంపినా స్టేషన్లో తీసుకోవాలి, కాకపోతే పంపినవాళ్లు మూడు రోజుల్లోపు సంతకం పెట్టాలి. నువ్వు డాలస్‌లో కూర్చుని ఆ సంతకం ఎలా పెడతావు? అందుకని నాన్నగారు స్వయంగా వెళ్లి ఇవ్వడమే నయం. పరిధి మాది కాదు అని తిప్పి పంపే హక్కు కూడా ఇప్పుడు స్టేషనుకి లేదు. ఎక్కడిచ్చినా రాసుకుని, అవసరమైతే అటు పంపాలి. మా రోజుల్లో అలా కాదు. ఏలూరులో ఒక స్టేషను, నెల్లూరులో ఒక స్టేషను, మా నాన్నని అటూ ఇటూ తిప్పి అరిగించేశారు. అత్తింట్లోంచి వచ్చేసిన అమ్మాయి పుట్టింట్లో తలదాచుకుంటే ఆ ఊళ్లోనే కేసు పెట్టొచ్చని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2019 వచ్చింది.

కానీ నువ్వు పుట్టింటికి చేరలేదు, ఇక్కడే ఉన్నావు. కాబట్టి ఆ ఒక్క తీర్పు మీదే ఆనుకోకు. నీకున్న పట్టు వేరే. డబ్బు అడిగిన ఫోను గుంటూరులో మోగింది. ఇప్పటికే ఏమైనా ఇచ్చి ఉంటే అది గుంటూరు బ్యాంకులోంచే పోయింది. చూశావా, మళ్లీ డబ్బే!

విదేశంలో జరిగిన నేరం దగ్గర ఇంకో మెలిక ఉంది, అది మన ప్రకాశం జిల్లా కేసులోనే తేలింది. పెళ్లి తర్వాత ఆ దంపతులు బోట్స్‌వానాలో ఉన్నారు, వేధింపులు అక్కడ జరిగాయని భార్య ఫిర్యాదు. 2011లో సుప్రీంకోర్టు ఏమందంటే, దేశం బయట భారత పౌరుడు చేసిన నేరం మీద ఫిర్యాదు తీసుకోవచ్చు, కోర్టు విచారణకు స్వీకరించవచ్చు, కానీ కేంద్ర ప్రభుత్వం అనుమతి లేకుండా అంతకు మించి ట్రయల్ నడపకూడదు. ఇండియాలో జరిగిన కట్నం నేరాలకు మాత్రం ఆ అనుమతి అక్కర్లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బదులు వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ నిబంధన ఉంది. కాబట్టి ఫిర్యాదులో డాలస్‌లో జరిగింది డాలస్ కిందా, గుంటూరు-నెల్లూరు మధ్య నడిచిన డబ్బు వ్యవహారం విడిగా రాయించు. రెండూ కలగాపులగం చేస్తే మొత్తం కేసు ఢిల్లీ అనుమతి కోసం కూర్చునే ప్రమాదం ఉంది. మీ ఆయన ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఉన్నాడా, అమెరికా పౌరుడయ్యాడా అన్నది కూడా లాయరుకి చెప్పు, లెక్క మారుతుంది.

2002లో మాకిదంతా ఎవరు చెప్పారు? మా నాన్న పట్టిన లాయరు రాసిన ఫిర్యాదు పెళ్లి పిలుపుల జాబితాలా ఉండేది. భర్త, అత్త, మామ, బావగారు, తోటికోడలు, విశాఖపట్నంలో కాపురం చేసుకుంటున్న ఆడపడుచు, చివరికి ఆవిడ భర్త. అందరూ కలిసి హింసించారని ఒకే వాక్యం. ఎక్కువమంది ఉంటే త్వరగా దిగొస్తారన్నాడాయన. నేనూ సంతోషించాను. ఆడపడుచు అంతకు ముందు నాకు చేసిందల్లా ఒక ఊరగాయ జాడీ పంపడం. ఆవిడ హైకోర్టుకెళ్లి తన పేరు కొట్టించుకుంది. దాంతో మిగతావాళ్ల లాయరుకి కూడా గొంతు లేచింది, ఇదంతా కట్టుకథ అని. నీ కాలంలో ఇది ఇంకా కష్టం. తేదీ, చోటు, ఎవరేమన్నారో లేకుండా ఇంటిల్లిపాదినీ ఇరికించిన కేసుల్ని సుప్రీంకోర్టు కొట్టేస్తోంది. 2024 డిసెంబరులో తెలంగాణ కేసులో గట్టిగానే చెప్పింది. డబ్బు అడిగినవాళ్ల పేర్లే రాయించు. అడగనివాళ్ల మీద నీకెంత కోపమున్నా మింగెయ్యి.

ఎయిర్‌పోర్టులో దిగగానే బేడీలు వేస్తారని మీ నాన్నగారు అనుకుంటుంటే ఆ ఆశ వదులుకోమను. 2014లో అర్నేష్ కుమార్ తీర్పు వచ్చాక నోటీసు ఇచ్చి పిలవడమే మామూలు, అరెస్టు చెయ్యాలంటే పోలీసులు కారణం రాయాలి. అంతకుముందే దంపతుల గొడవల్లో ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ చేయొచ్చని 2013లోనే కోర్టు చెప్పింది. కౌన్సెలింగ్ అని పిలిస్తే కేసు మూసేస్తున్నారని కంగారు పడకండి. నోటీసులకి పలకకుండా ఇక్కడే దాక్కుంటే అప్పుడు వారెంటు, ఎయిర్‌పోర్టుల్లో ఆపమనే లుకౌట్ సర్క్యులర్, పాస్‌పోర్టు మీద చర్య దాకా వెళ్తుంది. ఈలోగా ఆయన ఇక్కడి కోర్టులో విడాకులు తెచ్చుకుని అంతా అయిపోయిందంటాడేమో. భార్య ఒప్పుకోని, హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద ఇక్కడి మిస్సోరి కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీని 1991లోనే సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. ఆ దంపతులూ మన తెలుగువాళ్లే, తిరుపతిలో పెళ్లి చేసుకున్నారు. ఇక్కడి కోర్టు నోటీసు వస్తే మాత్రం లాయరుకి చూపించకుండా సంతకం చెయ్యకు. ఇంకోటి, ఆఖరి సంఘటన జరిగిన మూడేళ్లలోపే కదలాలి.

నా కేసు రాజీతో ముగిసింది. 2003లో ఆంధ్రాలో సవరణ తెచ్చారు, భార్య ఒప్పుకుంటే కోర్టు అనుమతితో రాజీ పడే వీలు కలిగింది. 2004లో పెద్దమనుషుల ముందు లెక్కలు తీశారు. మా మామగారు ఒక్క పైసా తీసుకోలేదన్నారు. అప్పుడు మా అమ్మ సంచిలోంచి పాల లెక్కల పుస్తకం తీసింది. పాలు, పేపరు, చాకలి, గ్యాసు బండ, ఆ వరసల మధ్యలో “వియ్యంకులకి 1,50,000, ఈయన పట్టుకెళ్లారు” అని తేదీతో సహా ఉంది. పాల లెక్కల్లో కట్నం లెక్కలేంటని అవతలి లాయరు నవ్వాడు. నాన్న పాస్‌బుక్కులో డబ్బు తీసిన తేదీలు పక్కన పెట్టి చూపించాక నవ్వు ఆగింది. నగల విషయంలో మాత్రం పెళ్లి ఆల్బమ్‌లో కనపడ్డవే ఒప్పుకున్నారు. కాసులపేరు వచ్చింది. వడ్డాణం ప్రతి ఫొటోలోనూ పైట కింద ఉంది, అది రాలేదు. స్త్రీధనం భార్యదే, దాచమని ఇచ్చింది తిరిగివ్వకపోతే నమ్మకద్రోహం నేరమని 1985 నుంచీ తీర్పు ఉంది. కానీ ఏం దాచావో చూపించాలి కదా!

ఆ తర్వాత ఈ దేశంలో ఒంటరిగా నిలదొక్కుకున్నాను. ఇవాళ నా ఇల్లు నా పేరు మీదే ఉంది, లోను తీరిపోయింది. మీ తరానికి ఫోన్లోనే సెక్షన్లన్నీ తెలుసు, సొంత పేరు మీద బ్యాంకు ఖాతా ఉందా అంటే మాత్రం నీళ్లు నములుతారు. రేపే వెళ్లు. పాస్‌పోర్టు, వీసా కాగితాలు చూపిస్తే ఎస్సెస్సెన్, అదే సోషల్ సెక్యూరిటీ నంబరు, లేకపోయినా ఖాతా తెరిచే బ్యాంకులున్నాయి. స్టేట్‌మెంట్లు ఇంటికి రాకుండా ఈమెయిల్ పెట్టుకో, ఆ ఈమెయిల్ కూడా ఆయనకి తెలియనిదై ఉండాలి. హెచ్4 మీద హింసకు గురైన భార్యలు వర్క్ పర్మిట్ అడగడానికి విడిగా ఒక దరఖాస్తు ఉంది, ఐ-765వి అంటారు. న్యూజెర్సీలో 1985 నుంచి ఉన్న మానవి లాంటి దక్షిణాసియా మహిళా సంస్థలకి ఫోన్ చేస్తే మీ ఊళ్లో ఎవరున్నారో చెప్తారు. ఇండియాలో జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై విభాగం ఉంది, అక్కడా ఒక ఫిర్యాదు పడేయించు.

ఇచ్చినవాళ్లకీ శిక్ష ఉంటుందని మీ నాన్నగారు జంకుతారు, మా నాన్నా జంకారు. కట్న నిషేధ చట్టంలో 7(3) ఉంది, బాధితులు చెప్పిన మాట పట్టుకుని వాళ్ల మీదే కేసు పెట్టడానికి లేదు. ఆ సెక్షను గురించి లాయరుని అడగమను. మీ అత్తగారి వాట్సాప్ మెసేజీలు ఉన్న ఫోను మార్చకు, రీసెట్ చెయ్యకు. కోర్టులో వాటికి, ఏ ఫోన్లోంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జత చెయ్యాలి. మీ నాన్నగారి బ్యాంకు స్టేట్‌మెంటులో మీ మామగారి పేరున్న పేజీలు తీయించి, బ్యాంకు స్టాంపు వేయించి ఒక సెట్టు నీకు స్కాన్ చేసి పంపమను. నగదు ఇచ్చి ఉంటే ఏ తేదీన ఎంత డ్రా చేశారో ఆ పేజీలు కూడా.