ఛాంపియన్‌ని కాస్త పక్కన కూర్చోబెట్టు

తమ్ముడికి,

నీ వ్యాసం అందింది, చదివాను. 1857లో న్యూయార్క్‌లో పుట్టిన అమెరికన్ చెస్ అసోసియేషన్ చరిత్ర రాస్తున్నానని అన్నావు. తీరా చూస్తే పేజీలనిండా పాల్ మార్ఫీనే. న్యూ ఓర్లీన్స్ జడ్జిగారి అబ్బాయి, ఇరవై ఏళ్ల వయసు, సంఘం పుట్టిన మొదటి అమెరికన్ చెస్ కాంగ్రెస్ (అంటే ఆటగాళ్ల సభ, దాంతోపాటు పోటీ) ఫైనల్లో లూయీ పాల్సెన్ మీద అయిదు గెలుపులు, ఒక్క ఓటమి, రెండు డ్రాలు, ఆరో ఆటలో మంత్రిని బలి ఇవ్వడం. బాగా రాశావు, కాదనను. అప్పటికి ఆటకి గడియారాలు రాలేదు కాబట్టి పాల్సెన్ ఒక్క ఎత్తుకి గంట దాటినా ఆలోచిస్తూ కూర్చునేవాడన్న చోట నవ్వుకున్నాను కూడా. కానీ సంఘం ఎక్కడుంది? చివర్లో "ఈ సందర్భంగా ఒక జాతీయ సంఘం కూడా ఏర్పడింది" అని ఒక్క ముక్క అనేసి ఊరుకున్నావు.

పెళ్లి ఫొటోల్లో పెళ్లికొడుకే ఉంటాడు. వంటవాళ్లకు అడ్వాన్సు ఇచ్చి, బస్సు మాట్లాడిన మేనమామ ఒక్క ఫొటోలోనూ దొరకడు. సంస్థ చరిత్ర రాసేవాడు వెతకాల్సింది ఆ మేనమామనే. నీ కథలో ఆయన పేరు డేనియల్ విల్లర్డ్ ఫిస్కే.

ఫిస్కేకి అప్పటికి పాతికేళ్లు. న్యూయార్క్‌లోని ఆస్టర్ లైబ్రరీలో ఉద్యోగం. కోపెన్‌హాగన్‌లో, ఉప్సాలాలో చదువుకుని వచ్చాడు, ఐస్‌లాండ్ భాషంటే ప్రాణం. ఆ ఏడాది జనవరిలో 'చెస్ మంత్లీ' పత్రిక మొదలైంది, దాని సంపాదకుడు ఆయనే. న్యూయార్క్ క్లబ్ తరఫున మిగతా ఊళ్ల క్లబ్బులకి ఉత్తరాలు వెళ్లడం, పదహారుమంది ఆటగాళ్లని ఒకచోటికి చేర్చడం, నియమావళి కోసం కమిటీ వేయడం, ఇదంతా కార్యదర్శి పని. మార్ఫీ ఆడింది ఈ పని మీదే. వ్యాసం అక్కడినుంచి మొదలుపెట్టు. ఎవరు ఎవరికి ఉత్తరం రాశారు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, ఏ విషయంలో వాదించుకున్నారు?

ఇక్కడే ఒక చిక్కుంది. 1859లో వచ్చిన ఆ కాంగ్రెస్ గ్రంథం రాసింది ఫిస్కేనే. అమెరికాలో చెస్ గతాన్నంతా అందులో పోగుచేసింది కూడా ఆయనే. సభ నడిపినవాడు, పత్రిక నడిపినవాడు, చరిత్ర రాసినవాడు ఒక్కడే అయితే ఆ చరిత్రలో సంఘం కాస్త ఎత్తుగానే కనిపిస్తుంది. రెండో సాక్షి ఫ్రెడరిక్ ఎడ్జ్ ఉన్నాడు కదా అంటావేమో. అతనూ ఆ సభలో పనిచేసినవాడే, తర్వాత మార్ఫీ వెంట యూరప్‌లో తిరిగినవాడే. ఇద్దర్నీ చదువు, ఇద్దరి మాటా వాడుకో, కానీ ఇద్దరూ పొగిడారు కాబట్టి నిజమే అనుకోవద్దు. అప్పటి దినపత్రికలు చూడు. ఓడిపోయినవాళ్ల కబుర్లు వెతుకు. సభకి అధ్యక్షుడుగా కూర్చున్న అలబామా జడ్జి మీక్ కూడా పోటీలో ఆడి, మార్ఫీ చేతిలో మూడుకి మూడూ ఓడాడు. అధ్యక్షుల వారి పరిస్థితి అది! ఇలాంటివి నువ్వు వదిలేశావేంటి?

తేదీ కూడా ఊరికే వేసి వదిలేశావు. సభ అక్టోబరు 6న మొదలై నవంబరు 10 దాకా నడిచింది. ఆ నెలలో న్యూయార్క్ ఎలా ఉందో తెలుసా? ఆగస్టులో ఒహాయో లైఫ్ అనే పెద్ద ఆర్థిక సంస్థ కూలింది. అక్టోబరు మధ్యకల్లా నగరంలోని బ్యాంకులు నోట్లకు బదులు బంగారం, వెండి ఇవ్వడం ఆపేశాయి. బయట జనం డబ్బు కోసం టెన్షన్ పడుతుంటే లోపల వీళ్లు పావులు జరుపుతున్నారు. మార్ఫీ మూడు వందల డాలర్ల బహుమతి నగదు వద్దని, వెండి సామాను పుచ్చుకున్న సంగతి ఈ నేపథ్యంలో చెబితే దాని రుచే వేరు. అయితే సంక్షోభం వల్ల సంఘానికి ఫలానా నష్టం వచ్చిందని మాత్రం ఆధారం చూడకుండా రాయకు.

ఈ సంఘం "ప్రపంచంలోనే మొట్టమొదటి" జాతీయ సంఘమన్న మాట కొట్టేశాను. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ క్లబ్బులు 1840లలోనే కలిసి సమావేశాలు పెట్టుకునేవి. అది జాతీయ సంఘమా కాదా అని నీతో వాదించడానికి పదిమంది సిద్ధంగా ఉంటారు. ఆ గొడవ నీకెందుకు? నెదర్లాండ్స్ సంఘం 1873లో, జర్మనీ సంఘం 1877లో వచ్చాయని చెప్పు, చాలు. చివర్లో ఏలూరుని లాక్కొచ్చావు, అదీ తీసేశాను. 1955లో మన దేశపు మొదటి జాతీయ పోటీ ఏలూరులో జరగడం, సాప్రే, వెంకయ్య కలిసి విజేతలు కావడం గర్వపడాల్సిందే. అఖిల భారత చెస్ సంఘం పుట్టి అప్పటికి నాలుగేళ్లే. కానీ అది వేరే వ్యాసం, విడిగా రాయి. ఇక్కడ మూడు లైన్లలో ఇరికిస్తే రెండూ చెడతాయి.

1859లో మార్ఫీ యూరప్ నుంచి తిరిగొచ్చాక జరిగిన సన్మానం గురించి ఒక కథ వాడావు. సంఘం మొదటి అధ్యక్షుడు కర్నల్ మీడ్ తన ప్రసంగంలో చెస్‌ని వృత్తి అన్నాడని, మార్ఫీ నొచ్చుకుని అక్కడే ఖండించాడని. ఆ కథ అచ్చులోకి వచ్చింది మార్ఫీ పోయాక చాలా ఏళ్లకి. వాడుకోవాలంటే "తర్వాత ఇలా చెప్పుకున్నారు" అని వాడుకో. చెస్ వినోదంగానే ఉండాలి, బతుకుతెరువు కాకూడదు అన్నది మార్ఫీ అభిప్రాయమన్నది మాత్రం గట్టి విషయం. దాన్ని ఇంకొంచెం తవ్వు. మేటి ఆటగాడే ఇది కాలక్షేపం అంటుంటే, ఆ ఆట కోసం దేశమంతటికీ ఒక సంఘం కావాలని చందాలు ఎలా అడుగుతారు?

సంఘం ఎందుకు చల్లబడిందన్న చోట నువ్వు "అంతర్యుద్ధం వల్ల" అని తేల్చేశావు. యుద్ధం 1861లో వచ్చింది, మీక్ గారి అలబామా, మార్ఫీ లూసియానా విడిపోయినవాటిలో ఉన్నాయి, నిజమే. కానీ అంతకుముందు మూడేళ్లకు పైగా ఉంది కదా, అప్పుడేం చేశారు? నాకు తోచింది చెబుతాను. గది, బల్లలు, సభ్యులు, చందా అన్నీ ఊళ్ల క్లబ్బుల దగ్గరే ఉన్నాయి. జాతీయ సంఘానికి పేరూ, అధ్యక్షుడూ ఉన్నారు. మార్ఫీ ఆట మానేశాడు. ఫిస్కే దారి మళ్లి, తర్వాత కార్నెల్ విశ్వవిద్యాలయానికి మొదటి లైబ్రేరియన్ అయ్యాడు. 'చెస్ మంత్లీ' 1861 దాటలేదు. (ఐస్‌లాండ్‌కి ఉత్తరాన ఉన్న గ్రిమ్సీ దీవికి ఆయన చదరంగం బల్లలు పంపిన సంగతీ, అక్కడివాళ్లు ఇప్పటికీ ఆయన పుట్టినరోజు చేసుకోవడమూ నీకు నచ్చుతాయి, కానీ ఒక్క లైను మించి వద్దు.) సంఘం చల్లబడ్డానికి ఈ కారణాలు నా ఊహే. కాదని నిరూపిస్తే సంతోషిస్తాను.

రెండో కాంగ్రెస్ 1871లో, క్లీవ్‌లాండ్‌లో జరిగింది. పద్నాలుగేళ్ల ఎడం. అక్కడ ఆపు. తర్వాత వచ్చిన వేరే రెండు సంఘాలు కలిసి 1939లో ఇప్పటి యు.ఎస్. చెస్ ఫెడరేషన్ అయ్యాయన్నది ఒక వాక్యంలో చెప్పు. మార్ఫీ ఆటల ఎత్తులన్నీ తీసేసి, ఆ ఒక్క మంత్రి బలి ఉంచు. మళ్లీ రాసి దసరాలోపు పంపు, మా ఊరికి వచ్చినప్పుడు కూర్చుని చూద్దాం.

ఉంటాను.